ఒక మందు అజ్ఞాతవాసము

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెననియు, మరుసటి యేట కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి యది దోమకాటువలన సంక్రమించునని నిరూపించెననియు మనవారు తఱచుగా స్మరింతురు. కాని యా పక్షుల జ్వరమే పిమ్మట క్రొత్త మందులకు గీటురాయి యైన సంగతి నెఱిగినవారు కొలదిమందియే.

జర్మనీలో ఎల్బర్‌ఫెల్డ్ నందలి బేయర్ పరిశోధనశాలలో విల్హెల్మ్ రోల్ కెనరీ పిట్టలకు మలేరియా నంటించి, రసాయనజ్ఞులు కూర్చి యిచ్చిన పదార్థములను గొట్టముద్వారా వాని కడుపులోనికి పంపి, నెత్తుటిలో క్రిములు పొడసూపుట కెన్ని దినములు జాగగునో యోపికతో లెక్కించుచుండెను. ఇట్టి పక్షిపరీక్షలనుండియే 1920లలో ప్లాస్మోకిన్, 1930లలో అటెబ్రిన్ వెలువడినవి. అటెబ్రిన్ సేవించినవారి చర్మము పసుపుబారుచుండెను.

1934లో అచ్చటనే హాన్స్ ఆండర్‌జాగ్ రెసోకిన్ అను పదార్థమును నిర్మించెను. అటెబ్రిన్ అణువునందలి మూడు వలయములలో నొకదానిని తొలగించి, ప్రక్కగొలుసును మాత్రము నిలిపినట్లుండును దాని కూర్పు. పిట్టలయం దది చక్కగా పనిచేసినను, కొలదిమంది రోగులపై ప్రయోగించి చూచిన వైద్యులు విషప్రభావ మధికమని తలచి దానిని ప్రక్కకు నెట్టిరి. నిర్మించుటయందు చూపిన నైపుణ్యములో పదవవంతైనను తూచుటయందు చూపియుండినచో నెందఱు బ్రతికియుందురో యని తలచినప్పుడెల్ల నా మనస్సు కలవరపడును.

1942లో జపాను జావాను జయింపగా మలేరియా మందైన క్వినైన్‌కు మూలమగు సింకోనా బెరడు మిత్రరాజ్యములకు దుర్లభమయ్యెను. యుద్ధకాలమున అమెరికనులు 14,000 కు మించిన పదార్థములను పరీక్షించిరి. 1943లో ట్యూనిస్ మిత్రరాజ్యములకు చేజిక్కినపు డచ్చటి ఫ్రెంచి వైద్యులు, రెసోకిన్‌కు తోబుట్టువైన సొంటోకిన్ మాత్రలను అమెరికనుల చేతికిచ్చిరి. దానిని శోధించుచు, ఆ జాతిలో నింతకంటె మేలైనదానిని వెదకుచు పోయినవారికి తుదకు చిక్కినది, తొమ్మిదేండ్ల క్రిందట పుట్టి త్రోసివేయబడిన యా రెసోకినే! ఆ పరీక్షలకు ఖైదీలును దేహముల నొప్పగించిరి. చెఱలోనున్నవాని యంగీకారము నిజమైన యంగీకార మగునా యను ప్రశ్న నేటికిని మానని పుండు.

అటెబ్రిన్‌ను దినదినము మ్రింగవలసియుండగా దీనిని వారమున కొకమారు మ్రింగిన చాలుననియు, దీనివలన చర్మము పసుపుబారదనియు తేలెను. 1946 నాటికి దానికి క్లోరోక్విన్ అను పేరు స్థిరపడెను. అటుపిమ్మట మన పల్లెలలో మలేరియా సిబ్బంది యింటింటికి వచ్చి, జ్వరపడినవారి వ్రేలినుండి నెత్తుటిబొట్టు తీసి గాజుపలకపై పూసికొని, వారి చేతిలో పెట్టిపోయిన చేదుమాత్ర యదియే.