కొలత లేని నుస్ఖా

మా నానీ ఊరు కె.గంగవరం. ఆమె పోపుల డబ్బాయే ఆ వీధికి దవాఖానా. కడుపునొప్పికి వాము, పంటిపోటుకు లవంగం, దగ్గుకు పాలల్లో పసుపూ మిరియాల పొడీ. ఫీజు తీసుకోని హకీం ఆమె.

అసలు మసాలా అనే మాటే చూడండి. అరబ్బీలో మస్లహత్ అంటే మేలు. దాని బహువచనం మసాలిహ్. అదే ఫార్సీ, ఉర్దూల మీదుగా మన వంటింట్లోకొచ్చి మసాలా అయ్యింది. దాల్చిన చెక్క కూడా ఫార్సీ "దార్చీనీ"యే. చీనా చెక్క అని అర్థం.

ఈ దినుసుల తిజారత్ మన తీరానికి కొత్త కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల్లో మిరియాలున్నాయి. మా ఊరికి దగ్గర్లోని ద్రాక్షారామంలో డచ్చివాళ్లు 1633లో కోఠీ పెట్టారు. వాళ్లకు కావలసింది ఇక్కడి నేత బట్ట. కోరమాండల్ బట్టలను ఓడల్లో తీసుకెళ్లి, ఇండోనేషియా దీవుల్లో లవంగాలకూ జాజికాయలకూ మారకం వేసేవారు. అంటే అక్కడి లవంగం ధరలో మన నేతగాళ్ల మెహనత్ కూడా కలిసి ఉంది.

ఇక పసుపు కథ. గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. దాన్ని సవాలు చేసింది. "మా నానీ ఎప్పట్నుంచో వాడుతోంది" అంటే అక్కడ చెల్లదు, రాతలో రుజువు కావాలి. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాల్లోంచి 32 ఆధారాలు చూపించారు. 1997లో పేటెంట్ రద్దయ్యింది. ఎవరో కాగితం మీద పెట్టిన నుస్ఖాలే పసుపును కాపాడాయి.

నానీ పాలల్లో మిరియాలు ఎందుకు వేసేదో నాకు తర్వాత అర్థమైంది. పసుపులోని కుర్కుమిన్ విడిగా ఒంటికి పట్టేది చాలా తక్కువ. మిరియాల్లోని పైపరిన్ తోడైతే ఎక్కువ పడుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ప్రచురించారు. లవంగంలోని యూజినాల్‌కు నొప్పి తెలియకుండా మొద్దుబార్చే గుణముంది. దంతవైద్యులూ వాడతారు. అయితే అది నొప్పినే ఆపుతుంది, పుచ్చును కాదు.

ఇక్కడే ఒక బాధ చెప్పాలి. మా ఖాలా ఫోన్లో వచ్చిన నుస్ఖా నమ్మి షుగర్ గోళీలు మానేసింది. పొద్దున మెంతిపొడి, రాత్రి కలోంజీ. కాలి పుండు ముదిరాక గానీ ఆసుపత్రికి వెళ్లలేదు. రెండు వేళ్లు తీసేశారు.

తప్పు మెంతులది కాదు. యునానీ తిబ్‌లోనే ఇలాజ్ బిల్ గిజా వేరు, ఇలాజ్ బిద్దవా వేరు. మొదటిది ఆహారంతో చేసే చికిత్స, రెండోది మందుతో. పోపుల డబ్బాలో ఉన్నది గిజా. పైగా హకీం రాసే నుస్ఖాలో ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి అన్నది తప్పకుండా ఉంటుంది. ఖాలా ఫోనుకొచ్చిన దాంట్లో ఆ మిఖ్దార్ లేదు. డాక్టర్‌ను అడగాలన్న ముక్కా లేదు.

నానీ చిటికెలతో కొలిచేది. ఆ చిటికె ఎంతో మేమెవరం రాసుకోలేదు. ఆమెతోనే పోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళే అడిగి, కొలతతో సహా రాసి పెట్టుకోండి. గోళీలు మాత్రం మానకండి.