మొదటి వానకు ముందు

దిగువ అహోబిలం. ఇంకా బాగా తెల్లవారలేదు. నువ్వు దొడ్డికి అడ్డం పెట్టిన కంప పక్కకు లాగగానే జీవాలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తాయి. రెండు మాత్రం లేవవు. సెల్‌ఫోను వెలుగు వాటి మీదికి తిప్పుతావు. పొట్టలు ఉబ్బాయి, కాళ్లు బిగుసుకున్నాయి, తలలు వెనక్కి విరుచుకుపోయాయి. నిన్న పొద్దుగూకేటప్పుడు మందతో పాటు నడిచొచ్చినవే. మందలో బాగా ఒళ్లు చేసినవి కూడా అవే.

నాయన గొంతుక్కూర్చుని ఒకదాని చెవి పట్టి చూసి వదిలేస్తాడు.

"చిటుక రోగం పాపా. రాత్రే పోయినట్టుండాయి."

నాలుగు రోజుల కింద గరుడాద్రి మీద మబ్బు కమ్మి తొలి వాన దంచి పోయింది. భవనాశిని పక్క బీడంతా పచ్చబారింది. ఎండాకాలమంతా తుమ్మకాయలు, ఎండిన రొట్ట నమిలిన గొర్రెలు ఆ లేత గడ్డి మీద పడి మేశాయి. మేత అట్లా ఉన్నట్టుండి మారితే, పేగుల్లో కొద్దిగా ఉండే క్లాస్ట్రిడియం బాక్టీరియా విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. కడుపునిండా మేసిన జీవమే ముందు పోతుంది. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది, నిజమే. ఈ రోగం అంతదాకా ఆగదు. తొలకరికి ముందే టీకా పడి ఉండాలి.

ఊళ్లో టీకాలు వేశారు. అప్పుడు మీ మంద ఊళ్లో లేదు. ఇక్కడ మేతా నీళ్లూ తగ్గాక నాయన కేసీ కాలువ కిందికి తోలుకుపోయాడు. కోతలైన వరి మళ్లలో మంద ఆపితే జీవాలకు మేత, రైతుకు ఎరువు. మంద తిరిగొచ్చేసరికి టీకాల రోజు దాటిపోయింది.

"కోసి అమ్మొద్దు నాయనా. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చు. మిగతావాటిని ఇంటికాడ్నే ఎండు మేత తిననిచ్చి, ఆ తర్వాత కాసేపే పచ్చిక మీదికి వదులు."

"గుంత తీసొస్తా. నువ్వు తయారుగా ఉండు. దరఖాస్తుకు ఈ పొద్దే కదా ఆఖరు?"

ఆళ్లగడ్డ పాతిక కిలోమీటర్లు. బస్సులో పక్కన నాయన, నీ ఒళ్లో ప్లాస్టిక్ కవరు: ఇంటర్ మార్కుల మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, నీట్ స్కోరు కార్డు. 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివే. అవే నిన్ను ఇంతదాకా తెచ్చాయి.

నెట్ సెంటర్‌లో ముగ్గురి వెనక నిలబడితే నీ వంతు వస్తుంది. కంప్యూటర్ ముందున్న అన్న స్కోరు కార్డు చూసి, నీ ముఖం చూసి అడుగుతాడు: "ఎంబీబీఎస్ రాలేదా పాపా?"

"నేను అడగలేదన్నా."

అతను నమ్మడు. నీట్ రాసినోళ్లలో పశువైద్యాన్ని మొదటి కోరికగా పెట్టుకునేవాళ్లను అతను పెద్దగా చూసి ఉండడు. కోర్సు పేరు దగ్గర కర్సర్ మిణుకుమంటుంది: బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ముందు సగం పశువైద్యం, వెనక సగం పశుపోషణ. రోగం వచ్చాక పట్టుకునే చదువు ఒకటి, రాకుండా మేపే చదువు ఒకటి. రెండూ కలిపి ఐదున్నరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ వెనక సగం పేరు ఊళ్లో ఎవరి నోటా రాదు. పొద్దున దొడ్డిలో అక్కరకొచ్చేది మాత్రం అదే.

అతను టైపు చేస్తుంటే నువ్వు బయటికొచ్చి ప్రొద్దుటూరుకు ఫోన్ కలుపుతావు. అక్కడి కాలేజీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న అక్క పక్క ఊరిదే.

"తిరుపతే అడుగు మ్మే. 1955 నాటి కాలేజీ. మాది 2008లో పెట్టింది. గన్నవరం, గరివిడి కూడా ఉండాయి. మన రాష్ట్ర పశువైద్య యూనివర్సిటీతో ఆగొద్దు, వెటర్నరీ కౌన్సిల్‌కు కూడా వేరేగా అప్లై చెయ్యి. ప్రతి కాలేజీలో నూటికి 15 సీట్లు వాళ్లు దేశమంతటికీ కలిపి నింపుతారు."

"అమెరికాలో రెండు డిగ్రీలు ఒకేసారి ఇస్తారంట కదక్కా?"

అవతల నవ్వు. ఆ కల వాళ్ల హాస్టల్లో కూడా తిరుగుతూనే ఉంటుంది. పెన్సిల్వేనియా, కార్నెల్, డేవిస్ లాంటి చోట్ల పశువైద్య పట్టా, పీహెచ్‌డీ కలిపి చదివిస్తారు. ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఏటా చేర్చుకునేది కొద్దిమందినే. అక్కడ పశువైద్యంలో చేరేవాళ్లు అంతకుముందే కాలేజీ చదువు చదివొస్తారు, మనలాగా ఇంటర్ కాగానే కాదు. మార్కులొక్కటే చాలవు. పరిశోధన చేసిన అనుభవం ఉండాలి, పని చేయించిన ప్రొఫెసర్లు ఉత్తరాలు రాయాలి. అక్కడి ప్రభుత్వ నిధులతో నడిచే సీట్లు చాలావరకు ఆ దేశస్థులకే. ఇక్కడినుంచి పోయేవాళ్లు ఎక్కువగా బీవీఎస్సీ ముగించి నేరుగా పీహెచ్‌డీకి పోతారు. అక్కడ వైద్యం చెయ్యాలంటే మళ్లీ వేరే పరీక్షలు. ఇక్కడే ఉంటే ఎంవీఎస్సీ, ఆపైన పీహెచ్‌డీ, ఒకదాని తర్వాత ఒకటి.

"ఎక్కడికి పోయినా ఒకటే అడుగుతారు," అంటుంది అక్క. "వైద్యం ఒక్కటే చాలదా, పరిశోధన ఎందుకు? రెండూ ఎందుకు? దానికి జవాబు లేకపోతే పది సర్టిఫికెట్లున్నా దండగ."

నువ్వు మాట్లాడవు. పొద్దున చూసిన రెండు గొర్రెలు కళ్లముందుకొస్తాయి. కోసి చూస్తే రోగం పేరు చెప్పొచ్చు. అది వైద్యం. టీకా సీసా వచ్చింది, మంద ఉంది, రెండూ ఒకచోట కలవలేదు. తిరిగే మంద ఏ నెలలో ఏ ఊళ్లో ఉంటుందో, దాన్నిబట్టి టీకాల రోజు ఎట్లా పెట్టాలో ఎవరైనా లెక్కగట్టాలి. అది పరిశోధన. ఇది ఒక్క చిటుక రోగం సంగతి కాదు. పీపీఆర్, మనవాళ్లు పారుడు రోగం అనేది, దేశంలో మొదట 1987లో తమిళనాడులో బయటపడింది. 2030కల్లా ప్రపంచంలోనే లేకుండా చెయ్యాలని పంతం పట్టి ఉన్నారు. అది గొర్రెలు, మేకలతో ఆగదు, అడవిలోని గడ్డిమేత జంతువులకూ సోకగలదు. మీ మంద మేసేది నల్లమల అంచున.

"ఏం మ్మే, ఉండావా?"

"ఉండా అక్కా. నేను ప్రొద్దుటూరే అడుగుతా. మన మందలు పోయే దావలోనే ఉంది."

లోపల రసీదు ప్రింటు వస్తుంది. నాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పి చూస్తాడు.

"ఐదున్నరేండ్లంటివి. అంతవరకూ టీకా సంగతి ఎవరు చూస్తారు?"

నువ్వు ఆ అన్న దగ్గర పెన్ను, పాడైన ప్రింటు కాగితం ఒకటి అడుగుతావు. వెనకవైపు తెల్లగా ఉంది. పన్నెండు నెలల పేర్లు ఒకదాని కింద ఒకటి రాస్తావు.

"చెప్పు నాయనా. సంక్రాంతి అయినాక మంద యాడ పెడతావు? ఆన్నుంచి యాడికి? మళ్లీ ఊరికి ఎప్పుడొస్తావు? రాసి మన ఊరి పశుసంవర్ధక సహాయకుడికి ఇచ్చొద్దాం. వచ్చే ఏడు మంద యాడుంటే ఆడికే టీకా రావల్ల."

నాయన బెంచీ మీద కూలబడి, వేళ్లు మడుస్తూ మొదలుపెడతాడు: "సంక్రాంతి పోయినాక పది దినాలు చాగలమర్రి కాడ..."