నాలుగేళ్ళా, ఐదేళ్ళా?

2002 జనవరిలో బ్రిటన్ హెచ్.ఎస్.ఎం.పి. పథకం తెరిచింది. చదువుకు, అనుభవానికి, సంపాదనకు మార్కులు. యజమాని పూచీ అక్కరలేదు. ఇక్కడే స్థిరపడతామని రాసిమ్మన్నారు. మన కంప్యూటరు ఇంజనీర్లం రాసిచ్చి, ఉన్న ఉద్యోగాలు వదులుకొని వచ్చాం.

2006 ఏప్రిల్‌లో స్థిరనివాసపు గడువు నాలుగేళ్ళ నుంచి ఐదేళ్ళయింది. నవంబరులో మార్కుల లెక్క మార్చి, అనుభవాన్ని తీసేశారు. అదీ అప్పటికే వచ్చినవారికి సైతం! ఆట మధ్యలో గీత జరపడమంటే ఇదే కదా.

అంతవరకు ఖాళీల కబుర్లకే కలుసుకునే మనం ఒంటరి అర్జీలతో పని జరగదని గ్రహించాం. వలస నిపుణులు హెచ్.ఎస్.ఎం.పి. ఫోరమ్ పేరిట కోర్టుకెక్కారు. 2008 ఏప్రిల్ 8న హైకోర్టు ఆ మార్పు అన్యాయమన్నది. 2009 ఏప్రిల్‌లో నాలుగేళ్ళ గడువు విషయంలోనూ ఫోరమే గెలిచింది.

2025 మేలో ప్రభుత్వం పదేళ్ళ గడువు ప్రతిపాదించింది. ఆనాటి కాగితాలున్నవారు దయచేసి పారవేయకండి.