విడుదలయ్యాక అపోర్ట్

లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో బగ్ రిపోర్టు మొదట్లో పూర్తిగా ఈమెయిల్ వ్యవహారం. డెబియన్ కోసం ఇయాన్ జాక్సన్ 1994లో రాసిన బగ్ ట్రాకింగ్ వ్యవస్థ ఇప్పటికీ మెయిల్ మీదే నడుస్తుంది. ప్యాకేజీ పేరు, వెర్షన్ వంటి వివరాలు రిపోర్ట్‌బగ్ అనే ప్రోగ్రాం పోగుచేసి పెట్టినా, జరిగింది రాసే ఓపిక మాత్రం వాడేవారికే ఉండాలి. ప్రోగ్రాం ఉన్నట్టుండి కూలిపోతే ఏం జరిగిందో చెప్పగలిగేవారు ఎందరు?

ఉబుంటు 2006లో తెచ్చిన అపోర్ట్ ఆ పనిని కంప్యూటర్‌కే అప్పగించింది. ప్రోగ్రాం కూలగానే దాని మెమరీ నకలు అపోర్ట్ చేతికొస్తుంది. అది ఆ నకలును, మిగతా వివరాలను ఒక క్రాష్ ఫైలులో దాచి, పంపమంటారా అని అడుగుతుంది. ఫెడోరా 2009లో తన 12వ విడుదలతో ఏబీఆర్‌టీని తెచ్చి ఇదే దారి పట్టింది.

డిస్ట్రిబ్యూషన్ తయారీలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి రిపోర్టులు ఎన్ని వస్తే అంత మేలు. విడుదలయ్యాక మాత్రం ఒకే క్రాష్ గురించి వేలమంది చెబితే చదివే దిక్కుండదు. అందుకే స్థిర విడుదలల్లో క్రాష్‌లు ఉబుంటు బగ్ ట్రాకర్ అయిన లాంచ్‌ప్యాడ్‌కు చేరకుండా అపోర్ట్ సెట్టింగుల ఫైలులో ఒక్క వరుసతో ఆపేస్తారు. తయారీ దశలో ఆ వరుస ముందు హాష్ గుర్తు పెట్టి దాన్ని పనిచేయనివ్వరు. 2012లో వచ్చిన ఉబుంటు 12.04 నుంచి క్రాష్‌లు వేరే ఎర్రర్ ట్రాకర్‌కు వెళ్తున్నాయి. అక్కడ ఒకేలాంటివి ఒకచోట చేరి లెక్కకొస్తాయి.

అపోర్ట్‌కే మార్పు అవసరమైతే? విడుదలైన ఉబుంటులో సాధారణ సవరణ ముందు ప్రపోజ్డ్ విభాగంలోకి వెళ్లి, పరీక్షలో నెగ్గి, మామూలుగా కనీసం ఏడు రోజులు ఆగాకే అందరికీ చేరుతుంది. భద్రతా లోపాల సవరణలు మాత్రం ఈ నిరీక్షణ లేని వేరే దారిలో వస్తాయి. అపోర్ట్‌కు ఆ దారి తరచూ అవసరపడింది, అందులో వింతేమీ లేదు: ఇతర ప్రోగ్రాముల మెమరీని రూట్ అధికారంతో తాకే పనిముట్టు అది. 2015 ఏప్రిల్‌లో అపోర్ట్, ఏబీఆర్‌టీ రెండింటిలోనూ లోపాలు బయటపడ్డాయి.

2016 డిసెంబరులో బయటపడినది ఇంకా విడ్డూరం. క్రాష్ ఫైలులోని ఒక గడి మీసాల బ్రాకెట్‌తో మొదలైతే, అపోర్ట్ దాన్ని పైథాన్ కోడ్‌గా నడిపేసేది. అంటే ఎవరో పంపిన క్రాష్ ఫైలును తెరిస్తే చాలు, పంపినవారి ఆజ్ఞలు అమలైపోతాయి. సవరణలో ఆ గడిని కేవలం విలువగా చదివే పైథాన్ ఫంక్షన్‌ను వాడారు. పైగా బయటినుంచి వచ్చిన రిపోర్టుల్లో ప్రోగ్రామును మళ్లీ తెరిచే బటన్ కనిపించకుండా తీసేశారు.