పడమటి దిక్కునకు తుది ప్రయాణము

‘కౌబాయి చిత్రము’ అనగానే మన కన్నులయెదుట నిలుచు దృశ్యము దాదాపు ఒక్కటియే. ఎర్రని నేల, నిట్టనిలువు కొండలు, దుమ్ము రేపుచు పరుగెత్తు గుర్రము, దానిపై వెడల్పు టోపీ ధరించిన వీరుడు. తెలుగునాట 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ విడుదలయైన నాటినుండి ఆ టోపీయు ఆ తుపాకియు మన పిల్లల ఆటలలోనికి సైతము ప్రవేశించినవి. అట్టి వినోదమును గోరి కూర్చున్నవారికి, తుపాకి పట్టుట యెరుగని యొక లెక్కల గుమాస్తా, గుండె ప్రక్కన గుండు దిగబడి, కథ యంతయు మెల్లమెల్లగా మరణించుచు నడచుట కనబడినచో ఎట్లుండును?

మేము ‘డెడ్ మ్యాన్’ అను ఆ చిత్రమును మొదటిసారి చూచినప్పుడు నలుగురము కూర్చుంటిమి. సగము గడచునప్పటికి ఇద్దరు నిద్రపోయిరి. ఒకరు పనియున్నదని లేచిపోయిరి. మిగిలిన మాకును కొంత విసుగు కలిగిన మాట దాచనక్కరలేదు. ఐనను మరునాడు, ఆ మరునాడు కూడ అందలి దృశ్యములు మమ్ము విడువలేదు. నలుపు తెలుపులలో తీసిన ఆ నిదానపు చిత్రము మనసును ఎందులకు పట్టుకొనినదో తెలిసికొనవలెనన్నచో, ముందుగా కౌబాయి చిత్రముల చరిత్రను కొంచెము తిరుగవేయవలసియున్నది.

అమెరికాలో శ్వేతజాతివారు తూర్పు తీరమునుండి పడమటి దిక్కునకు వ్యాపించుచుండగా, వారి నివాసముల కొనను ‘సరిహద్దు’ అని పిలుచుచుండిరి. 1890 నాటి జనాభా లెక్కల అధికారులు అట్టి సరిహద్దురేఖ ఇక లేదని ప్రకటించిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 29వ తేదీన, దక్షిణ డకోటాలో ‘వూండెడ్ నీ’ అను చోట లకోటా తెగవారిని, స్త్రీలనక పిల్లలనక, సైనికులు కాల్చి చంపిరి. మూడేండ్లకు, 1893లో, ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అను చరిత్రకారుడు చికాగో నగరమున ఒక వ్యాసము చదివి, అమెరికా జాతీయ స్వభావమును తీర్చిదిద్దినది ఆ సరిహద్దు జీవితమేయని వాదించెను. మరి పదేండ్లకు, 1903లో, ఎడ్విన్ పోర్టర్ పన్నెండు నిమిషముల ‘ద గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ని తీసెను. అనగా ఈ చిత్రములు పుట్టుసరికి వాని కథాకాలము గడచిపోయియున్నది. గడచిన కాలమును జనులు ఎట్లు జ్ఞాపకముంచుకొనదలచిరో అదియే తెరపై కనబడినది.

1939లో జాన్ ఫోర్డు ‘స్టేజ్‌కోచ్’ను, 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ ‘హై నూన్’ను తీసిరి. ఇవి కళాఖండములే, అందు సందేహము లేదు. కాని ఇట్టి చిత్రములలో పెక్కింటికి ఒక మూలవిశ్వాసము కలదు. ఆ భూమి వట్టి బీడు. తుపాకి ముందు వచ్చెను, న్యాయము వెనుక వచ్చెను, ఆ వెనుక బడియు గుడియు వచ్చెను. అంతకుముందు అచట వేలయేండ్లుగా జీవించియున్నవారు మాత్రము కొండమలుపున కేకలు వేయుచు కనబడి, గుర్రములమీదినుండి కూలిపోవుచుందురు. వారికి పేరులేదు, ఇల్లులేదు, భాషయు లేదు. జాన్ ఫోర్డే తన జీవితపు చివరి దశలో, 1964లో, ‘షయన్ ఆటమ్’ అను చిత్రమును షయన్ తెగవారిపై సానుభూతితో తీసెను. అందును షయన్ జనులుగా నటించినవారు నవాహో తెగవారు. ముఖ్యపాత్రలలో ఇతర జాతుల నటులు.

ఈ పూర్వరంగమున 1995లో కాన్స్ చలనచిత్రోత్సవమున ‘డెడ్ మ్యాన్’ మొదటిసారి ప్రదర్శింపబడెను. రచయితయు దర్శకుడును జిమ్ జార్‌ముష్. కథ క్లుప్తముగా ఇది. విలియం బ్లేక్ అను యువకుడు (నటుడు జానీ డెప్) తలిదండ్రులను పోగొట్టుకొని, ఉద్యోగమిత్తుమను ఉత్తరము చేతబట్టుకొని, క్లీవ్‌లండ్ నగరమునుండి ‘మెషీన్’ అను పడమటి పట్టణమునకు రైలులో వచ్చును. ఉద్యోగము అప్పటికే మరియొకనికి ఈయబడినది. కర్మాగారపు యజమాని డికిన్సన్ తుపాకి చూపి తరిమివేయును. ఆ పాత్ర ధరించిన రాబర్టు మిచమ్ 1997లో మరణించెను. పాత కౌబాయి చిత్రములలో పేరుగన్న నటుడు. ఆ రాత్రి కాగితపు పువ్వులమ్ము థెల్ అను యువతి బ్లేక్‌కు ఆశ్రయమిచ్చును. ఆమెను పూర్వము ప్రేమించిన డికిన్సన్ కుమారుడు వచ్చి కాల్చగా, గుండు ఆమెను చంపి, ఆమె దేహముగుండా వచ్చి బ్లేక్ గుండెదగ్గర నాటుకొనును. బ్లేక్ తడబడుచు అతనిని కాల్చి, గుర్రమెక్కి పారిపోవును. వెనుక కూలి హంతకులు తరుముచుందురు. ముందు అడవి.

చిత్రారంభమునందలి రైలుప్రయాణమును ప్రత్యేకముగా చెప్పవలెను. బ్లేక్ కునికిపాట్లు పడి కన్ను తెరచిన ప్రతిసారియు పెట్టెలోని ప్రయాణికులు మారియుందురు. మొదట పట్టణవాసులు, తరువాత రైతులు, పిమ్మట జంతుచర్మములు కప్పుకొనిన వేటగాండ్రు. హఠాత్తుగా వారందరు లేచి కిటికీలగుండా అడవిదున్నలపై కాల్పులు సాగింతురు. ఇది దర్శకుని కల్పన గాదు. 1869లో తూర్పుపడమరలను కలుపు రైలుమార్గము పూర్తియైన పిమ్మట, తోళ్ళ వర్తకులును వినోదపు వేటగాండ్రును ఆ జంతువులను మందలుమందలుగా కూల్చిరి. ఒకప్పుడు కోట్ల సంఖ్యలో మైదానములను కప్పియుండిన ఆ జాతి, 1889 నాటికి సుమారు ఒక వేయికి దిగిపోయినది. ఆహారము, వస్త్రము, గుడారము అన్నియు దానినుండియే పొందు తెగలకు అది అన్నపుకుండ పగులుటయే. రైలుపెట్టెలోని కాల్పులు తెరపై ఒక నిమిషమైనను ఉండవు. అంతలో అయిన వధను బ్లేక్ వెర్రిచూపులతో చూచును, మనమును చూతుము.

అడవిలో బ్లేక్‌ను చేరదీయువాడు ‘నోబడీ’, అనగా ‘ఎవరునుగానివాడు’ అని తన్ను తాను పిలుచుకొను ఒక ఆదివాసి. రెండు వేరు తెగల దంపతులకు పుట్టి, బాల్యముననే సైనికులకు చిక్కి, పంజరమున ఊరూర ప్రదర్శింపబడి, సముద్రము దాటి ఇంగ్లండు చేరి, అచట చదువుకొని తిరిగివచ్చినవాడు. తాను చూచినదానిని చెప్పగా స్వజనులు నమ్మక, పెద్దగా మాటలాడుచు ఏమియు చెప్పనివాడని పేరుపెట్టిరి. ఇదియు వట్టి కల్పన యని త్రోసివేయరాదు. పోకహాంటస్ 1616లో లండనుకు కొనిపోబడి, మరుసటి సంవత్సరము స్వదేశమునకు బయలుదేరుచు గ్రేవ్‌సెండ్‌లో మరణించెను. 1840 తరువాతి సంవత్సరములలో జార్జి కాట్లిన్ అను చిత్రకారుడు లండనులో తన చిత్రములతోపాటు ఒజిబ్వే, అయోవా తెగల మనుష్యులను సైతము ప్రదర్శనకు పెట్టెను.

ఆ ఇంగ్లండు చదువులో నోబడీని కదలించినది విలియం బ్లేక్ అను కవి యొక్క వాక్కు. అందువలన గుమాస్తా తన పేరు చెప్పగానే, మరణించిన ఆ కవియే మరల వచ్చెనని అతడు నిశ్చయించును. పాపము, గుమాస్తాకు కవి పేరైనను తెలియదు! ఆ కవి 1757లో లండనులో పుట్టి, చెక్కడపుపని నేర్చి, రాగిరేకులపై పద్యమును చిత్రమును కలిపి తానే ముద్రించుకొని, భార్య క్యాథరీన్ సాయముతో రంగులద్దినవాడు. పొగగొట్టములు తుడుచు పసివారి దుఃఖమును గూర్చి వ్రాసినవాడు. 1827లో బీదతనముననే మరణించెను. సమాధిపై గుర్తురాయి లేదు; సరిగా ఆ స్థలమున రాయి నిలిపినది 2018లో. అట్టి కవిని స్వదేశము మరచియుండగా, పంజరమున తెచ్చిన బాలుడు కంఠస్థము చేసెననుట చిత్రమందలి వ్యంగ్యము. అందులో ప్రేమయు ఉన్నది. చనిపోయిన పువ్వుల యువతి పేరు థెల్ కూడ బ్లేక్ కావ్యమునుండి వచ్చినదే.

నోబడీ పాత్ర ధరించిన గ్యారీ ఫార్మర్ కయూగా తెగవాడు. కెనడాలో గ్రాండ్ నదీతీరపు ‘సిక్స్ నేషన్స్’ ప్రాంతమున జన్మించెను. ‘లోన్ రేంజర్’ టెలివిజన్ కథలలో, 1949 నుండి 1957 వరకు, వీరుని అనుచరుడు టోంటోగా నటించిన జే సిల్వర్‌హీల్స్‌ది కూడ ఆ ప్రాంతమే. టోంటో యజమాని వెంట నడచి, పొడిపొడి మాటలు పలికెను. నోబడీ మాత్రము నవ్వును, కోపించును, హాస్యమాడును, తెల్లవాని మూఢత్వమును మొగముమీదనే తిట్టును. అతడును ఇతరులును క్రీ, బ్లాక్‌ఫుట్, మకా భాషలలో మాటలాడునప్పుడు తెర అడుగున ఇంగ్లీషు అనువాదము వేయలేదు. ఆ హాస్యము ఆ భాషలవారికే యని దర్శకుడు కావలెననియే వదలిపెట్టెను. అన్ని చిత్రములలో అర్థముకాని కేకలుగా వినిపించిన భాష, ఇందు మనము అర్హత సంపాదించుకొనవలసిన భాషగా వినిపించును.

ఇక రంగుల మాట. ఛాయాగ్రాహకుడు రాబీ మ్యూలర్ డచ్చి దేశస్థుడు, 2018లో కీర్తిశేషుడయ్యెను. కౌబాయి చిత్రములలోని ఎర్రమట్టి, నీలాకాశము మనకు ఎంత అలవాటైపోయినవనగా, అవి కనబడగానే కథ తెలిసినట్లే అనిపించును. నలుపు తెలుపులు ఆ అలవాటును తీసివేయును. భూర్జవృక్షముల తెల్లని బోదెలు, బూడిద, మంచు, ముఖము చెమట, అన్నియు ఒకే ధాతువుతో చేసినట్లు కనబడును. అడవిలో చంపబడియున్న లేడిపిల్ల ప్రక్కన బ్లేక్ మెల్లగా పండుకొని, దాని నెత్తుటిని తన నెత్తుటితో కలిపి నుదుట రాచుకొను ఘట్టము రంగులలో తీసియున్నచో, నెత్తురే కనబడియుండును. ఇందు మనకు కనబడునవి రెండు ప్రాణముల నిశ్శబ్దము.

సంగీతము నీల్ యంగ్‌ది. చిత్రమును తెరపై ఆడించుచు, చూచుచు, అప్పటికప్పుడు గిటారుపై మీటి ముద్రించినది. ఇది పాటలతో నింపిన సంగీతము గాదు. దూరమున ఉరుము వలె ఒక్క తీగ మ్రోగి, ఆగి, మరల మ్రోగును. రేడియో ముందు కూర్చుండి ధ్వని మధ్యనున్న మౌనమును వినుట నేర్చినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

నోబడీ బ్లేక్‌ను చివరకు పసిఫిక్ తీరపు మకా గ్రామమునకు చేర్చి, దేవదారు పడవలో పరుండబెట్టి, సముద్రములోనికి నెట్టును. నీరు ఆకాశము కలియు చోటికి, అతడు వచ్చిన లోకమునకు, పంపుటయని చెప్పును. ఇట మనకు వైతరణియు, పాండవుల మహాప్రస్థానమును తలపునకు వచ్చుట సహజము. గుమాస్తా ఒక్కొక్కటే వదలుకొనుచు పోవుటలో ఆ పోలిక కొంతవరకు నిజమే: ఉద్యోగము పోయెను, టోపీ పోయెను, కళ్ళజోడు పోయెను, తుదకు భయమును పోయెను. కాని మకా జనుల విశ్వాసము వారి సముద్రమునుండి, వారి తిమింగిలముల వేటనుండి పుట్టినది. దానిని మన వేదాంతమునకు మారుపేరుగా భావించుట వారి భాషను వినక అనువాదము చెప్పుట వంటిది.

ఇక్కడనే ఒక ఆక్షేపణ చెప్పుకొనవలసియున్నది. తుదిలో హంతకుడును నోబడీయు ఒకరినొకరు కాల్చుకొని కూలుదురు. పడవలో కొట్టుకొనిపోవుచు బ్లేక్ చూచును. తెల్లవాని ఆత్మకు దారిచూపి ఆదివాసి అంతరించుటయా? ఇది పాత కథయే కదా యని అడిగినచో, ఆ ప్రశ్నలో న్యాయము కలదు. వాస్తవమున మకా జాతి అంతరించలేదు. 1855 నాటి నియా బే ఒడంబడికలో తమ తిమింగిలముల వేట హక్కును వ్రాయించుకొని, 1999లో దానిని మరల వినియోగించుకొనిరి. శతాబ్దముల క్రితము బురదలో పూడిపోయిన ఒజెట్ గ్రామమును 1970 నుండి త్రవ్వగా లభించిన వేలకొలది వస్తువులను 1979లో తామే స్థాపించుకొనిన ప్రదర్శనశాలలో భద్రపరచుకొనిరి. చిత్రము చూచినవారు ఈ సంగతి కూడ తెలిసికొనుట ధర్మము.

విడుదలయైనప్పుడు చిత్రమునకు ఆదరణ లభించలేదు. సుమారు 90 లక్షల డాలర్లు వ్యయముకాగా, అమెరికాలో వచ్చినది ఇంచుమించు 10 లక్షలు. పేరుగన్న విమర్శకులు కొందరు నిరసించిరి. ఐనను 2000లో జొనాథన్ రోజెన్‌బామ్ దీనిపై ఒక పుస్తకమే వ్రాసెను. క్రమముగా ప్రేక్షకులును పెరిగిరి. ఇందలి ఆకర్షణ ఏమనగా, ఇతర చిత్రములలో చావు లెక్కకు రాదు: వీరుడు పదిమందిని కాల్చి, టోపీ సవరించుకొని పోవును. ఇందు ప్రతి తుపాకి ప్రేలుడును వికారముగా, అనాలోచితముగా, నవ్వు వచ్చుచునే సిగ్గు కలుగునట్లు జరుగును. ఒక్క మనిషి చనిపోవుటకు రెండు గంటల కాలము పట్టును. మనము ఆ రెండు గంటలు అతని ప్రక్కన కూర్చుందుము. బాల్యమునుండి మనము చప్పట్లు కొట్టిన కాల్పులలో ఎందరి ప్రక్కన ఎవ్వరును కూర్చుండలేదో అప్పుడు తెలియును.

ఆనాడు నిద్రపోయిన మిత్రులలో ఒకరు కొంతకాలమునకు మా ఇంటికి వచ్చి, వేరే మాటల నడుమ, ఆ పడవ చివరకు ఏమయ్యెనని అడిగిరి. తెలియదంటిమి. సముద్రము, ఆకాశము, మధ్య పడవ, అంతటితో చిత్రము ముగియుననియు చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, ఈమారు మొదటినుండి చూతమనిరి.