అణువు బరువంతా ఎక్కడుంది? చాడ్విక్ శిష్యుడైన మన గోదావరి స్వామీజీ



మాది మొగల్తూరు అని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది చిరంజీవి గారి గురించి, కృష్ణంరాజు గారి గురించి. కరెక్టే, ఇద్దరూ మా ఊరి వాళ్లే. కానీ ఇదే పశ్చిమ గోదావరిలో, భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి న్యూక్లియర్ ఫిజిక్స్‌లోకి వెళ్లిన ఒక సన్యాసి ఉన్నారు. నా బీటెక్ నాలుగేళ్లలో ఆయన పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఈరోజు ఆయన కథ చెప్పుకుందాం. దానికి ముందు చిన్న లెక్క.

ఒక ప్రోటాన్ సుమారు 1836 ఎలక్ట్రాన్ల బరువు ఉంటుంది. మామూలు హైడ్రోజన్‌లో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. అంటే మొత్తం 1837 భాగాల్లో 1836 కేంద్రకానివే. శాతంలో చెప్పాలంటే 99.95. మన భాషలో చెప్తా: 75 కేజీల ధాన్యం బస్తా మొత్తం హైడ్రోజన్ అణువు అనుకోండి. అందులో ఎలక్ట్రాన్ వాటా 41 గ్రాములు. గుప్పెడు గింజలు, అంతే!

బంగారంలో ఇంకా తక్కువ. 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు, 79 ఎలక్ట్రాన్లు. న్యూట్రాన్ బరువు దాదాపు ప్రోటాన్ అంతే, కానీ దానికి జోడీగా ఎలక్ట్రాన్ అక్కర్లేదు. అందుకే కేంద్రకం వాటా 99.98 శాతానికి చేరుతుంది.

ఇప్పుడు ఇది మనకి రెండు నిమిషాల లెక్క. కానీ ఇక్కడికి రావడానికి 35 ఏళ్లు పట్టింది. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నారు. 1909లో గైగర్, మార్స్‌డెన్ పల్చటి బంగారు రేకు మీదకి ఆల్ఫా కణాలు వదిలితే, కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి. బరువంతా మధ్యలో ఒక చిన్న చోట ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చారు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టాకే బంగారం లెక్క సరిగ్గా కుదిరింది.

ఆ చాడ్విక్ దగ్గరే, లివర్‌పూల్‌లో, మన గొరగనమూడి ఆయన పరిశోధన చేశారు. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, 1896లో పుట్టారు. సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. తర్వాత యూరప్ వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద పనిచేసి, లివర్‌పూల్ చేరారు.

అక్కడ ఆయన పని బీటా కిరణాలు. అంటే కేంద్రకం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు. వాటిని అయస్కాంతంతో వంచి శక్తి కొలవాలి. ఇందాకటి గుప్పెడు గింజలు గుర్తున్నాయా? అంత తేలికైన ఎలక్ట్రాన్ దారిలో గాలి అణువు తగిలితే చాలు, పక్కకి పోతుంది. కొలత పాడవుతుంది. అందుకే గొట్టంలోంచి గాలిని దాదాపు పూర్తిగా తోడేయాలి. ఆ విద్య మీద ఆయన ఏకంగా ఒక పుస్తకమే రాశారు: 'హై వాక్యువా', 1947.

తర్వాత దేశానికి తిరిగొచ్చి, 1956లో విశాఖపట్నం ఆంధ్ర యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం మొదలుపెట్టారు. 1969లో కన్నుమూశారు. అక్కడి న్యూక్లియర్ పరిశోధన ల్యాబ్‌లకి ఆయన పేరే పెట్టారు.

పరీక్షల్లో ఎలక్ట్రాన్ బరువు 'లెక్కలోకి తీసుకోనక్కర్లేదు' అని రాసి మనం మార్కులు తెచ్చేసుకుంటాం. ఆయన మాత్రం ఆ ఎలక్ట్రాన్ల శక్తినే కొలిచారు. మన జిల్లా హీరోల లిస్టులో ఆయనకీ ఒక చోటు ఉండాలి కదండీ!

సరే, మీకో పని: సోడియంలో 11 ప్రోటాన్లు, 12 న్యూట్రాన్లు, 11 ఎలక్ట్రాన్లు. కేంద్రకం వాటా ఎంత శాతమో లెక్కేసి కామెంట్‌లో పెట్టండి. మళ్లీ కలుద్దాం!