ఎలెన్ టెర్రీ – ఏకపాత్ర ప్రయోగము

దశరూపకములలో భాణమొకటి. అందు అంకమొక్కటియే, పాత్రయు నొక్కటియే. విటుఁడు రంగమున నొంటిగా నిలిచి, కానరానివారితో నాకాశభాషితమున సంభాషించును. అట్టి ప్రయోగమును స్త్రీ యొకతె, అందును మఱియొక నటీమణిని గూర్చి, గావించుట మన లాక్షణికులు తలంపని విశేషము. 2014వ సంవత్సరారంభమున లండను నగరమందలి సామ్ వానమేకర్ నాటకశాలలో నిట్టిది జరిగెను. క్రొవ్వొత్తుల వెలుఁగున, 79 ఏండ్ల ఐలీన్ ఆట్కిన్స్ అను నటి యొంటరిగా నిలిచి ఎలెన్ టెర్రీ పలుకులను వినిపించెను.

ఎలెన్ 1847లో కావెంట్రీ పట్టణమున నటకుటుంబమునఁ బుట్టినది. తొమ్మిదేండ్ల ప్రాయమున, 1856లో, షేక్స్పియరు నాటకమందలి బాలరాజకుమారుని పాత్రతో రంగమెక్కెను. 1878 మొదలు 1902 వఱకు లైసియం నాటకశాలలో హెన్రీ ఇర్వింగు సరసన నాయికగా వెలసెను. ఒఫీలియా, పోర్షియా, బియాట్రిస్ పాత్రల కామె పేరు పెట్టినది. ఇర్వింగు గొప్పనటుఁడు, శాలకు యజమానియు నతఁడే. ఏ నాటకము నాడవలయుననుట యతని యిచ్ఛ. ‘ఆజ్ యూ లైక్ ఇట్’ నాటకమును లైసియమున నాతఁ డాడింపలేదు. అందలి రోజలిండ్ పాత్ర ఎలెన్‌కు దక్కనేలేదు. చమత్కారమున నంతటి నేర్పరికిఁ గలిగిన యీ కొఱఁత స్వల్పమని మేము తలంపము. నాటకసమాజములకుఁ బోషకులైన మహాశయు లీ సంగతిని గమనింపవలయునని మా మనవి.

1910లో, అఱువది దాటిన పిమ్మట, ఆమె షేక్స్పియరు స్త్రీపాత్రలను గూర్చి యుపన్యసింప నారంభించెను. ఇంగ్లండున, అమెరికాలో, 1914లో ఆస్ట్రేలియాలో జనులు విని యానందించిరి. చూపు మందగించుచున్నను మానలేదు. పేరున కుపన్యాసమేగాని, మన హరికథకుఁడు కథచెప్పుచునే పాత్రయగునట్లు, ఆమెయు మాటలాడుచునే నాయిక యగుచుండెను. (షేక్స్పియరును కాళిదాసును జోడించి ‘నవరసతరంగిణి’ రచించిన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథా పితామహులగుట యిచ్చట స్మరింపఁదగును.) ఆ యుపన్యాసములలో రోజలిండ్‌ను గూర్చియు నామె పలికెను. దానికి యజమాని యనుమతి యక్కఱలేకపోయెను.

1928లో కెంటు మండలమందలి స్మాల్‌హైత్ గ్రామమున నామె కాలధర్మము నొందెను. మఱుసటి యేఁట కుమార్తె ఈడిత్ క్రేగ్ అచ్చటి పూరికప్పు కొట్టమును నాటకశాలగా మార్చెను. ఉపన్యాసములు నాలుగును 1932లో గ్రంథరూపమున వెలువడినవి. ఎనుబది రెండేండ్ల పిమ్మట ఐలీన్ తన ప్రయోగమును కూర్చుకొనినది ఆ యుపన్యాసములనుండియే.